నీళ్ళే కదా!

(శ్రమకాలపు శుక్రవారం కూడికలో, రిటైరైన ఒక లెక్కల టీచరుగారు ఇచ్చిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళు అడిగినందున రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ వందనాలు. వెనక వినబడుతోందా? మైకు కొంచెం పైకి జరుపు బాబూ... చాలు, చాలు. ముప్పై నాలుగేళ్ళు మైకు లేకుండానే అరిచినదాన్ని, ఇది లేకపోయినా పర్లేదు.

పాస్టరు అయ్యగారు నాకిచ్చిన అంశం అనుదిన అలవాట్లు, వాటివల్ల మన గుణం ఎలా తయారవుతుందీ అని. లెక్కల టీచర్ని కాబట్టి ముందు ఒక లెక్క. లెంట్, అంటే ఈస్టర్ ముందు వచ్చే ఈ శ్రమకాలం, ఎన్ని రోజులు? నలభై. అందరూ నలభై అంటారు. ఇంటికెళ్ళి క్యాలెండర్ తీసి, బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా వేలుపెట్టి లెక్కపెట్టండి, 46 వస్తాయి. మధ్యలో ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు. ఆ ఆరు ఆదివారాలు మన ఇళ్ళలో ఏం వండుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, చికెన్ కొట్టు అబ్బాయికి అందరికంటే బాగా తెలుసు.

నవ్వండి, తప్పులేదు. ఈ నలభై రోజులూ ఏదో ఒకటి మానేసినవాళ్ళు చేతులెత్తండి. మాంసం... కాఫీ... సీరియల్సు? ఒకామె చెయ్యెత్తి మళ్ళీ దించేసింది, చూశాను. మంచిదే. మానడాన్ని నేను తక్కువ చేయడం లేదు. నేను అడిగేది ఇంకోటి. దేవుని కోసం అని పేరుపెట్టి చేసే పనులకు మన దగ్గర లెక్క ఉంది. ఇన్ని ఉపవాసాలు, ఇన్ని అధ్యాయాలు, ఇన్ని కూడికలు. పేరుపెట్టకుండా చేసేవాటికి? రోజుకు వందసార్లు చేస్తూ కూడా అలవాటని అనుకోనివాటికి? మనల్ని ఎక్కువగా తయారుచేసేవి అవేనేమో అని ఈ వయసులో నాకు అనిపిస్తోంది. తప్పయితే అయ్యగారు తర్వాత దిద్దుతారు.

మన ప్రాంతం సంగతే తీసుకోండి. 1878 జులై 3. ఇది మన పిల్లలకు తెలుసు. వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో, ఒక్కరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో దిగారు. భాగహారం చేస్తే ఒక్కొక్కరు దగ్గర దగ్గర 370 మందిని ముంచారు. చేతులు ఎంత లాగాయో! దానికి ముందు ధాత కరువు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారు, కానీ బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని.

ఈ కథ మనం ఎప్పుడూ జులై 3 దగ్గర ఆపేస్తాం. జులై 4 సంగతేంటి? ఆ మర్నాడు పొద్దున లేచి వాళ్ళు ఏం తిన్నారు? ఆ తర్వాత ఆదివారం కామందు మనిషిని పంపి రమ్మంటే ఏం చెప్పారు?

విశ్వాసంలోకి వచ్చేవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు మూడే మూడు. ఆదివారం పనికి వెళ్ళకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊళ్ళో చచ్చిన గొడ్డును ఎత్తడం వాళ్ళ పనని ఊరు రాసిపెట్టింది, ఆ మాంసాన్నే వాళ్ళ తిండి కింద కట్టింది. అది వద్దనడం అంటే ఒక పూట కూడు వద్దనడం. ఊరి లెక్కనే కాదనడం. ఆదివారం పనికి రామంటే దెబ్బలు తినడం. ఇలాంటివాళ్ళ పిల్లల పిల్లల పిల్లలం మనం. మన ముత్తాతలకు త్రిత్వం లాంటి సిద్ధాంతాల గురించి ఎంత తెలుసో నాకు తెలీదు. వాళ్ళ నోరు మారింది, వాళ్ళ వారం మారింది. ఊరికి కనబడింది అదే. గుండ్లకమ్మ నీళ్ళు ఒక్కరోజే, ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇంకో గుండ్లకమ్మ.

దానియేలు ఆరో అధ్యాయం మీకు కంఠతా వచ్చు. సండేస్కూల్లో సింహాల బొమ్మకు రంగులేసినవాళ్ళే కదా అందరూ. కాసేపు సింహాలను వదిలేయండి. పదో వచనంలో ఒక మాట ఉంది, 'యథాప్రకారముగా'. రాజుకు తప్ప ఏ దేవునికీ మొక్కకూడదు, మొక్కితే సింహాల గుహే అనే శాసనం మీద సంతకం అయిందని తెలిసి కూడా దానియేలు యథాప్రకారముగా మోకాళ్ళూనాడు. కిటికీలు రాజు మీద పంతానికి ఆరోజు తెరిచినవి కావు, రోజూ తెరిచేవే. దానియేలు కుర్రవాడిగా బబులోనుకు వచ్చింది క్రీస్తుపూర్వం 605 ప్రాంతంలో. బబులోను కూలింది 539లో. తీసేయండి. 66 ఏళ్ళు. అంటే అప్పటికి ఎనభై దాటిన పెద్దాయన. మొదటినుంచీ రోజుకు మూడుసార్లు అనుకుంటే డెబ్బై రెండు వేలు దాటుతుంది. అన్నిసార్లు వంగిన మోకాళ్ళు ఆ రోజు కొత్తగా ఏం నిర్ణయం తీసుకోవాలి చెప్పండి?

మన ప్రభువు సంగతీ అంతే. సువార్తలో లూకా రెండుచోట్ల రాశాడు, 'తన వాడుక చొప్పున' అని. సమాజమందిరానికి వెళ్ళింది వాడుక చొప్పున, చివరి రాత్రి ఒలీవల కొండకు వెళ్ళింది వాడుక చొప్పున. ఆయన ఎక్కడుంటాడో, పట్టిచ్చిన యూదాకు ఎలా తెలిసింది? పలుమార్లు అక్కడికి వెళ్ళేవాడు కాబట్టి తెలిసింది, యోహాను స్పష్టంగా చెప్పాడు. దానియేలును ప్రార్థన దగ్గర పట్టుకున్నారు, ప్రభువును ప్రార్థన చేసే తోటలో పట్టుకున్నారు. శత్రువులు ఇద్దరినీ అలవాటును బట్టే పట్టుకున్నారు. మరి మనల్ని పట్టుకోవాలంటే ఎక్కడ కాపు కాయాలి? నా మట్టుకు నేను చెప్తున్నా, రాత్రి పదకొండు గంటలకు మంచం పక్క ప్లగ్గు దగ్గర కాపు కాస్తే చాలు. చార్జింగ్ పెట్టిన ఫోను పట్టుకుని దొరికిపోతాను.

ఇప్పుడు ఒక ఆడపిల్ల కథ చెప్తాను. కథంటే నిజంగా జరిగిందే. అగస్టీను పేరు విన్నారుగా, ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియా ప్రాంతంలో 354లో పుట్టిన మహా వేదాంతి. ఆయన తల్లి మోనికా. కొడుకు కోసం ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో ప్రార్థించిన తల్లిగా మన మదర్స్ డే ప్రసంగాల్లో ఏటా వస్తుంది. ఆమె చిన్నతనం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. కొడుకే రాసిపెట్టాడు, తల్లి స్వయంగా చెప్పిందట ఆయనకు.

వాళ్ళింట్లో ఒక ముసలి దాసి ఉండేది. మోనికా తండ్రిని పసివాడప్పుడు వీపున మోసి పెంచిన మనిషి, అందుకని ఇంట్లో ఆమె మాటకు విలువ. ఆడపిల్లలను ఆమె చేతిలో పెట్టారు. భోజనం వేళ తప్ప మధ్యలో ఎంత దాహమేసినా నీళ్ళు తాగనిచ్చేది కాదట. నీళ్ళు! మన ఎండల్లాంటివే అక్కడి ఎండలు. చాదస్తం అనిపిస్తుందా? నాకూ అనిపించింది. కానీ ఆమె చెప్పిన కారణం వినండి. నా మాటల్లో చెప్తున్నాను. 'ఇప్పుడు ద్రాక్షారసం మీ చేతికి అందదు కాబట్టి నీళ్ళు తాగుతున్నారు. రేపు పెళ్ళయి, అత్తారింట్లో సామాన్ల గది తాళాలు మీ చేతికొస్తాయి. అప్పటికి నీళ్ళు రుచించవు, తాగే అలవాటు మాత్రం ఉంటుంది.'

అర్థమైందా? ఆమె భయం నీళ్ళ గురించి కాదు. అనిపించిన వెంటనే చెయ్యి చాచడం గురించి. ఈరోజు చెయ్యి నీళ్ళకు చాచుతుంది, రేపు అదే చెయ్యి, అదే వేగం, పాత్రలో ఉన్నది మాత్రం వేరు.

అయితే ఇంత కట్టడిలో పెరిగిన మోనికా ఏం చేసిందో తెలుసా? పీపాలోంచి ద్రాక్షారసం పట్టుకు రమ్మని ఇంట్లో ఈ పిల్లను పంపేవారు. పాత్రలో పోసే ముందు పెదవుల చివరతో కొంచెం చప్పరించేది. ఇష్టమై కాదట, చిన్నపిల్ల చిలిపితనం. మొదటిరోజు ఒక చుక్క. మర్నాడు ఆ చుక్కకు ఇంకో చుక్క. రోజుకు రోజు కలుపుకుంటూ పోయి, చివరికి చిన్న గిన్నెడు గటగటా తాగే దాకా వచ్చింది. ముసలిదాసి ఎక్కడికెళ్ళింది? ఆమె కట్టడి ఎక్కడికెళ్ళింది? కట్టడి బయట ఉంది, చుక్క లోపలికి పోతోంది.

ఎలా మానిందో అది ఇంకా బాగుంటుంది. మోనికాతో పాటు పీపా దగ్గరకు వెళ్ళే పనిపిల్ల ఒకతె ఉండేది. ఒకరోజు ఇద్దరికీ మాటామాటా పెరిగి, ఆ పనిపిల్ల కడుపుమంటతో 'తాగుబోతుదానా' అనేసింది. బాగుచేద్దామని అన్నది కాదు, గుచ్చుదామని అంది. ఆ మాట సూటిగా తగిలింది. మోనికా తన అలవాటు ఎంత రోతగా ఉందో చూసుకుంది, అక్కడితో మానేసింది. దేవుడు ఒకరి కోపాన్ని ఇంకొకరికి మందు చేశాడని అగస్టీను అంటాడు. ఆ పనిపిల్లకు ఇందులో ఏ పుణ్యమూ లేదని కూడా చెప్తాడు.

మనవాళ్ళు మన అలవాట్లు మనకు చెప్పరు. మొహమాటం. మనమంటే పడనివాళ్ళే చెప్తారు, చెప్పకూడని మాటల్లో, చెప్పకూడని చోట. కాబట్టి తోడికోడలు ఏమైనా అంటే వెంటనే ప్రార్థన అంశంగా గ్రూపులో పెట్టకండి. ముందు ఒక్కసారి, అందులో నిజముందేమో చూసుకోండి. సరే, ఇటువైపు కొంచెం నిశ్శబ్దమైపోయింది, ముందుకు పోదాం.

ఇప్పుడు నా సంగతి. ఇది సంఘంలో ఎప్పుడూ చెప్పలేదు.

నేను పని చేసిన ఒక బడికి బస్సులో వెళ్ళేదాన్ని. బడి తొమ్మిదిన్నరకు. బస్సు దింపేది తొమ్మిది నలభైకి. రిజిస్టర్‌లో తొమ్మిదిన్నర అని వేసి సంతకం పెట్టేదాన్ని. నేనొక్కదాన్నే కాదు, ఆ బస్సులో వచ్చేవాళ్ళం అందరం. పది నిమిషాలు. బస్సు ఆలస్యమైతే నా తప్పా? సాయంత్రం అరగంట ఎక్కువ ఉంటున్నాను కదా? పదకొండేళ్ళు అలాగే రాశాను. పొద్దున్నే బైబిలు చదివి, ప్రార్థన చేసుకుని, బస్సెక్కి, వెళ్ళి మొదట చేసే పని అది. ఏమైనా గుచ్చుకుందా? మొదటి వారం గుచ్చుకుందేమో, గుర్తులేదు. నీళ్ళే కదా!

ఒకసారి అర్ధసంవత్సరం పరీక్షల తర్వాత ఒక తాపీమేస్త్రీ బడికి వచ్చాడు. ఆ పూట పని మానుకుని వచ్చాడు పాపం, చేతులకు సిమెంటు అలాగే ఉంది. వాళ్ళమ్మాయికి నా సబ్జెక్టులో 28 వచ్చాయి. 'అమ్మా, పిల్ల బాగా రాశానంటోంది. పేపరు ఒక్కసారి చూస్తారా' అన్నాడు. నేను 'చూశాను, సరిగ్గానే ఉంది' అన్నాను. చూడలేదు. పేపర్ల కట్ట నా బల్ల మీదే ఉంది, ఆయనకూ నాకూ మధ్యలో. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కట్ట విప్పి చూస్తే, లోపలి పేజీలో పది మార్కుల లెక్క ఒకటి కూడలేదు. 38. పిల్ల పాసు.

మర్నాడు హెడ్మాస్టర్ గారికి చెప్పి దిద్దించాను, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. తిడతాడనుకున్నాను. 'పర్లేదమ్మా, మీకు ఎన్ని పేపర్లుంటాయో' అన్నాడు. కూడిక తప్పు పోవడం ఎవరికైనా జరుగుతుంది, అదేం నన్ను నిద్రపోనివ్వకుండా చేయలేదు. 'చూశాను' అన్న మాట ఉంది చూశారూ, అది చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆలోచించి ఆడిన అబద్ధం కాదది. ఆలోచిస్తే ఆడేదాన్ని కానేమో. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే తొక్కిన దారిలో నోరు దానంతటది నడిచి వెళ్ళిపోయింది. దానియేలుకూ ఆ రోజు ఆలోచన అవసరం లేకపోయింది, నాకూ లేకపోయింది. ఆయన మోకాళ్ళకు దారి తెలుసు, నా నాలుకకూ తెలుసు.

ఆ తర్వాత రోజునుంచి 9.40 అని వేశాను. స్టాఫ్ రూములో మూడు వారాలు నాతో ఎవరూ టీ తాగలేదు. 'మమ్మల్ని ఇరికిస్తున్నావా' అన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది.

పిల్లలూ, మీకు జిమ్ తెలుసు. జనవరిలో ఏడాదికి డబ్బు కట్టేసి ఫిబ్రవరిలో మానేస్తారే, ఆ జిమ్. పౌలు తిమోతికి రాస్తూ, దేవభక్తి విషయంలో నీకు నీవే సాధకము చేసికొనుము అన్నాడు. ఆ గ్రీకు మాట జిమ్ అనే మాటకు పుట్టిల్లు. మన అనువాదకులు ఎంత చక్కని మాట పెట్టారో చూడండి, సాధకం! సంగీతం నేర్చుకునేవాళ్ళు తెల్లవారుజామున లేచి సరళీస్వరాలు పాడతారు చూడండి, అది సాధకం. కచేరీలో సరళీస్వరాలు ఎవరూ పాడరు. కానీ అవి లేని గొంతు కచేరీలో తెలిసిపోతుంది.

ఎన్నాళ్ళు చేస్తే అలవాటవుతుంది? 21 రోజులని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కొందరి మీద పరిశోధన చేసి 2009లో బయటపెట్టారు. సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18, ఇంకొకరికైతే 254 దాకా. మళ్ళీ 66 వచ్చింది, ఇందులో మర్మం ఏమీ లేదు, ప్రవచనాల పుస్తకంలో రాసుకోకండి. నాకు అందులో నచ్చింది ఒకటి, మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని తేలింది. మనమేమో ఒక బుధవారం ప్రార్థన తప్పితే, ఇక పోయింది అనుకుని, గురువారం కూడా మానేస్తాం.

ఒక్కమాట మాత్రం జాగ్రత్తగా వినండి. అలవాట్లతో రక్షణ సంపాదించుకోండి అని నేను చెప్పానని బయటకెళ్ళి అనకండి. కృపచేతనే. గుండ్లకమ్మలో మునిగినవాళ్ళకు మూడు కట్టుబాట్లూ టిక్కెట్టు కాదు. వారానికి రెండుసార్లు ఉపవాసం చేస్తున్నానని గొప్ప చెప్పుకున్న పరిసయ్యుడు నీతిమంతుడు అనిపించుకోకుండానే ఇంటికి వెళ్ళాడని ప్రభువే ఒక ఉపమానంలో చెప్పాడు. అతని ఉపవాసంలో తప్పు లేదు. ప్రార్థిస్తూ పక్కవాడివైపు చూశాడు, అదీ అలవాటే. రోజూ చూసి ఉంటాడు.

ముగించే ముందు మా నాయనమ్మ గురించి చెప్పుకోనివ్వండి. పెద్దవాళ్ళందరికీ పిడికిటి బియ్యం తెలుసు, మిజోరాం సంఘాల్లో అయితే వందేళ్ళకు పైగా ఇప్పటికీ నడుస్తోంది. మా నాయనమ్మ సోలతో బియ్యం కొలిచి, చేటలో పోసి, రాళ్ళు ఏరేది. ఏరడం అయ్యాక కుడిచేత్తో పిడికెడు తీసి గోడవారనున్న చిన్న కుండలో వేసేది. ఆ తర్వాతే మిగతావి కడిగి ఎసట్లో పోసేది. ప్రార్థనేమీ లేదు, పెదవి కదిలేది కాదు. పూటకొక పిడికెడు, రోజుకు రెండు. బియ్యం లేని రోజుల్లో సజ్జలు. శనివారం కుండ బోర్లించి మూటకట్టి ఆదివారం పాస్టరమ్మగారికి ఇచ్చేది.

ఒకసారి ఆనాటి అయ్యగారితో ఏదో తగాదా వచ్చింది. చర్చికి వెళ్ళి, వెనక కూచుని, మొహం తిప్పుకునేది. బియ్యం మాత్రం పడుతూనే ఉన్నాయి. పిడికిలి చిన్నదయిందేమోనని మా అన్నయ్యా నేనూ దొంగతనంగా కొలిచాం. కాలేదు! 'అయ్యగారంటే కోపమే కదా, బియ్యం ఎందుకేస్తున్నావు నాయనమ్మా' అంటే, 'కోపం ఆయన మీద. బియ్యం ఆయనకా?' అంది.

మా పక్కింటివాళ్ళకూ మాకూ గోడ తగాదా. ఆరేడేళ్ళు మాటల్లేవు. ఒక ముసురు రోజు, సాయంత్రం, వాళ్ళ చిన్నపిల్ల గిన్నె పట్టుకుని తడుస్తూ గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగలేదు. నాయనమ్మ అప్పుడే చేట ముందు కూచుని ఉంది. గిన్నె అందుకుని, సోలెడు బియ్యం పోసి, చేతికిచ్చి పంపించేసింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, 'వాళ్ళతో మనకు మాటల్లేవు కదా అత్తమ్మా' అంది.

'అవునే, మరిచేపోయాను' అంది నాయనమ్మ. నిజంగానే మరిచిపోయింది.

సరే. పది తీర్మానాలు చేయకండి, ఒక్కటి చాలు, అదీ చిన్నది. నేనైతే ఈ రాత్రినుంచి ఫోను వంటింట్లో చార్జింగ్ పెడతాను, వచ్చే శుక్రవారం ఎవరైనా అడగండి, పెట్టావా లేదా అని. నిజం చెప్తాను, రిజిస్టర్ ఒట్టు.

టీ వచ్చిందట, అయ్యగారు వాచీ చూస్తున్నారు. తాగిన గ్లాసులు కూచున్నచోటే పెట్టి వెళ్ళకండమ్మా, పంపు దగ్గర ఆ అమ్మాయి ఒక్కతే ఉంది.